ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత ఇంట్లో ఎలా కోలుకోవాలి?

పెరిగిన ప్రోస్టేట్ గ్రంథికి ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చినవారూ, వారిని చూసుకునే ఇంటివారూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకే రకంగా ఉంటాయి. మూత్రంలో తగ్గిపోయిన రక్తం మళ్లీ పడుతోంది, మామూలేనా? మూత్రం పోవడానికి పెట్టిన పైపు తీశాక మూత్రం ఆగడం లేదు, ఇలాగే ఉండిపోతుందా? బండి ఎప్పుడు నడపవచ్చు? డిశ్చార్జి కాగితం మీద ఉండే నాలుగు వాక్యాలు వీటికి చాలవు. అందుకే అన్నిటినీ ఒక వరుసలో పెట్టి రాస్తున్నాను.

ఇది క్యాన్సర్ కాని పెరుగుదలకు చేసే ఆపరేషన్ గురించి మాత్రమే. క్యాన్సర్ కోసం గ్రంథి మొత్తాన్ని తీసివేసే శస్త్రచికిత్స వేరు, కోలుకునే తీరూ వేరు.

అన్నిటికన్నా ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. టర్ప్ అనే పద్ధతిలోనైనా, లేజర్‌తో చేసే హోలెప్ వంటి పద్ధతుల్లోనైనా పరికరాన్ని మూత్రమార్గం గుండానే లోపలికి పంపి, అడ్డుపడుతున్న గ్రంథి భాగాన్ని తొలగిస్తారు. పైన కోత లేదు, కుట్లు లేవు. కానీ లోపల పచ్చి పుండు ఉంది. దాని మీదుగా రోజంతా మూత్రం పోతూనే ఉంటుంది. ఆ పుండు ఆరడానికి సుమారు 6 వారాలు, మూత్రాశయం పూర్తిగా కుదుటపడటానికి ఒక్కోసారి 3 నెలలు పడుతుంది. పైకి గాయం కనిపించదు కాబట్టి వారం తిరిగేసరికి ‘నాకేమీ కాలేదు’ అనుకుని బరువులు ఎత్తేవారు ఎక్కువ. ఇంట్లో వచ్చే చిక్కుల్లో చాలా వాటికి మొదలు అక్కడే.

ఇవి ఉంటే చదవడం ఆపి ఆసుపత్రికి వెళ్లండి

- మూత్రం వస్తున్నట్టు అనిపించినా రాకపోవడం, పొత్తికడుపు ఉబ్బి నొప్పి పుట్టడం.
- పైపు ఉన్నవారికి 2 గంటలకు పైగా బ్యాగులోకి ఏమీ దిగకపోవడం. నొప్పి ఉంటే అంతసేపు కూడా ఆగవద్దు.
- మూత్రం చిక్కటి ఎరుపుగా రావడం, పెద్ద రక్తపు గడ్డలు పడటం, నీళ్లు తాగినా పలచబడకపోవడం.
- 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ (38 సెల్సియస్) లేదా అంతకు మించిన జ్వరం, వణుకుతో కూడిన చలి.
- ఒక వృషణం వాచి, ముట్టుకుంటే నొప్పి పుట్టడం.
- ఒక కాలి పిక్కలో వాపు, నొప్పి. ఛాతీలో నొప్పి, ఆయాసం.
- కొత్తగా మతి తప్పినట్టు మాట్లాడటం, విపరీతమైన మగత.

దగ్గర పెట్టుకోవలసినవి

- డిశ్చార్జి కాగితం, మందుల చీటీ, రాత్రివేళ కూడా పలికే ఆసుపత్రి ఫోను నంబరు
- మిల్లీలీటర్ల గీతలున్న కొలకప్పు (500 మి.లీ. పట్టేది), ఒక గాజు గ్లాసు. ఈ రెండూ దీనికే వాడాలి
- థర్మామీటరు
- చిన్న నోటు పుస్తకం, పెన్ను
- మగవారి కోసం అమ్మే పీల్చుకునే ప్యాడ్లు, వదులుగా ఉండే నూలు బట్టలు
- పైపుతో వస్తే: కాలికి కట్టే బ్యాగు, రాత్రి పెట్టుకునే పెద్ద బ్యాగు, తొడకు కట్టే పట్టీ
- డాక్టరు రాసిన విరేచనం మెత్తబడే మందు

ప్యాడ్లను ముందే తెచ్చుకోండి. ‘నాకు అవసరం రాదులే’ అని వదిలేసినవారే మొదటి వారం గడప దాటడానికి భయపడతారు.

1. ఆసుపత్రి నుంచి బయలుదేరే ముందు ఇవి అడిగి రాసుకోండి

ఏ పద్ధతిలో చేశారు? పైపు ఎప్పుడు తీస్తారు? ఇంతకుముందు ప్రోస్టేట్ కోసం వాడిన మాత్రలు (టామ్సులోసిన్, ఫినాస్టరైడ్ వంటివి) ఆపేయాలా, కొన్నాళ్లు కొనసాగించాలా? తీసిన కండను పరీక్షకు పంపారా, నివేదిక ఎప్పుడు వస్తుంది?

వీటన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: రక్తం పలచబడే మందులు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి వాడేవారు వాటిని ఏ తేదీన మళ్లీ మొదలుపెట్టాలో అక్షరాలా రాయించుకోండి. తొందరపడి మొదలుపెడితే రక్తస్రావం, మరచిపోయి ఆపేస్తే గుండెకో మెదడుకో ముప్పు. గుండెలో స్టెంటు ఉన్నవారు ఈ విషయాన్ని గుండె డాక్టరుకు కూడా చెప్పి, ఇద్దరి మాటా ఒక్కటేనని తేల్చుకోవాలి. సొంతంగా నిర్ణయించుకోకూడని విషయం ఇందులో ఏదైనా ఉందంటే అది ఇదే.

పొట్ట మీద కోతతో గానీ, చిన్న రంధ్రాల ద్వారా రోబో సాయంతో గానీ చేసినట్లయితే (గ్రంథి మరీ పెద్దదైనప్పుడు ఇలా చేస్తారు) పైపు దాదాపు వారం రోజులు ఉండవచ్చు. కుట్ల సంరక్షణ కూడా తోడవుతుంది. కింద చెప్పిన మిగతా విషయాలు వారికీ వర్తిస్తాయి.

2. పైపుతో ఇంటికి వస్తే

చాలామందికి 1 నుంచి 3 రోజుల్లో ఆసుపత్రిలోనే పైపు తీసేస్తారు. అలా తీసేసినవారు నేరుగా మూడో అంకెకు వెళ్లవచ్చు.

- బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే ఉండాలి, కానీ నేలను తాకకూడదు. మంచం మీద పక్కన పెట్టుకుంటే మూత్రం వెనక్కి పోతుంది.
- సగం దాటగానే ఖాళీ చేయండి. నిండిన బ్యాగు బరువుకు పైపు లాగుతుంది, లోపలి పుండు రేగుతుంది.
- పైపును తొడకు పట్టీతో కట్టి ఉంచండి. కాలు కదిపినా లాగకుండా కొంచెం వదులు ఉండాలి.
- రోజుకు రెండుసార్లు సబ్బు, నీళ్లతో పైపు బయటకు వచ్చే చోట కడగండి. శరీరం వైపు నుంచి బయటి వైపుకే తుడవాలి. అంగం చివరి చర్మాన్ని వెనక్కి జరిపి కడిగితే, తిరిగి ముందుకు తెచ్చుకోవడం మరవకండి. వెనకే ఉండిపోతే బిగుసుకుని వాచిపోతుంది. ఇది చిన్న విషయం కాదు.
- బ్యాగును ముట్టుకునే ముందూ, తర్వాతా చేతులు కడుక్కోవాలి.

ఉన్నట్టుండి మూత్రం తన్నుకొచ్చినట్టు అనిపించి, పైపు పక్క నుంచి కొంచెం కారితే కంగారు పడకండి. మూత్రాశయం లోపలి పైపును తోసేయాలని బిగుసుకుంటుంది. అప్పుడు ఊపిరి నెమ్మదిగా వదులుతూ ఒళ్లు సడలించండి, ముక్కవద్దు. బ్యాగులోకి కూడా మూత్రం దిగుతూ ఉంటే అది ఈ బిగుతే. మరీ బాధగా ఉంటే డాక్టరు మందు ఇస్తారు. దానివల్ల నోరు ఎండవచ్చు, మలబద్ధకం పెరగవచ్చు.

బ్యాగులోకి ఏమీ రాకుండా పక్క నుంచే కారుతుంటే మాత్రం పైపు మూసుకుపోయిందేమో చూడాలి. గొట్టం ఎక్కడైనా మెలిపడిందా, మీ కింద నలిగిందా, బ్యాగు నిండిపోయిందా, పైకి ఉందా? ఇవన్నీ సరిచేసినా దిగకపోతే ఆసుపత్రికి వెళ్లండి. నేర్పకుండా సొంతంగా సిరంజితో నీళ్లు ఎక్కించవద్దు. పైపును లాగవద్దు, లోపల దాన్ని నిలిపే బుడగ నీళ్లతో నిండి ఉంటుంది.

3. పైపు తీసిన మొదటి రోజు

మొదటి కొన్నిసార్లు మంటగా ఉంటుంది. కొంచెం కొంచెంగా, మాటిమాటికీ వస్తుంది. చుక్కలుగా రక్తం కూడా ఉండవచ్చు. ఆ రోజు ప్రతిసారీ కొలకప్పులో పట్టి, సమయమూ పరిమాణమూ రాయండి. మొదట 100 మి.లీ. వచ్చి, సాయంత్రానికి 150, 200 అవుతుంటే దారి బాగుందని అర్థం.

ప్రతిసారీ 30, 40 మి.లీ. మాత్రమే వస్తూ, వెళ్లొచ్చినా నిండుగానే అనిపిస్తుంటే మూత్రం లోపల నిలిచిపోతోందని అనుమానించాలి. 4 నుంచి 6 గంటలైనా అసలు రాకపోతే వెళ్లి చూపించుకోండి. కొందరికి మళ్లీ కొన్ని రోజులు పైపు పెడతారు. ఆపరేషన్ విఫలమైందని దిగులు పడాల్సిన పని లేదు. వాపు తగ్గాక, చాలాకాలం ఇబ్బంది పడిన మూత్రాశయం తేరుకున్నాక ఎక్కువమందికి మూత్రం తేలికగానే వస్తుంది.

4. నీళ్లు: ఎంత, ఎప్పుడు

రోజుకు 2 నుంచి 2.5 లీటర్లు, మెలకువగా ఉన్న గంటలన్నిటికీ పంచుకుని తాగండి. పడుకోబోయే 2, 3 గంటల ముందు తగ్గించండి. గుండె బలహీనత, కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఈ లెక్క వర్తించదు. మీ డాక్టరు చెప్పిన కొలతే మీ కొలత.

ఇక్కడ రెండు వైపులా తప్పులు జరుగుతాయి. మూత్రం కారుతోందని నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి మంట ఎక్కువవుతుంది, రక్తం గడ్డకడుతుంది. ఎంత తాగితే అంత మంచిదని 4, 5 లీటర్లు తాగితే పెద్దవయసు వారికి రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది. ఎంత తాగాలో చెప్పేది మూత్రం రంగే: లేత పసుపుగా ఉంటే చాలు.

కాఫీ, టీ, గ్యాసు పానీయాలు, మద్యం మూత్రాశయాన్ని రేపుతాయి. మొదటి కొన్ని వారాలు బాగా తగ్గించండి. మద్యం మానేయడమే మేలు.

5. రక్తం: ఎప్పుడు మామూలు, ఎప్పుడు కాదు

అందరినీ బెదరగొట్టేది ఇదే కాబట్టి తీరిగ్గా చదవండి.

మొదటి రోజుల్లో మూత్రం లేత గులాబీ రంగులో ఉండి, క్రమంగా తేటపడుతుంది. మీరు ‘హమ్మయ్య’ అనుకుంటారు. ఆ తర్వాత, సుమారు 10 నుంచి 14 రోజుల మధ్య, ఒక ఉదయం మళ్లీ ఎర్రగా వస్తుంది. లోపలి పుండు మీద కట్టిన పక్కు ఊడటమే అందుకు కారణం. అందరికీ రాకపోవచ్చు, కానీ వస్తే ఇది ఊహించినదే. 4 వారాల వరకు ఇలా వచ్చి పోతూ ఉండవచ్చు. ముఖ్యంగా విరేచనం అయ్యాక, ఎక్కువ దూరం నడిచాక, మూత్రం ధార మొదట్లో కనిపిస్తుంది.

అప్పుడు ఇలా చేయండి:

- గాజు గ్లాసులో కొంత మూత్రం పట్టి, వెనుక అచ్చు కాగితం పెట్టి వెలుతురులో చూడండి. రంగు ఉన్నా అక్షరాలు చదవగలిగితే ఇంట్లో ఉండి గమనించవచ్చు. అక్షరాలు కనిపించనంత చిక్కగా ఉంటే ఆసుపత్రికి ఫోను చేయండి.
- పనులు ఆపి విశ్రాంతి తీసుకోండి. గంట వ్యవధిలో రెండు గ్లాసుల నీళ్లు తాగండి.
- తర్వాతి రెండు మూడు సార్లూ అదే గ్లాసులో చూడండి. ఒకసారి కన్నా ఇంకొకసారి పలచబడుతుంటే సరే. ముదురుతుంటే, గడ్డలు పెరుగుతుంటే వెళ్లాలి.
- రక్తం పలచబడే మందు ఈ మధ్యనే మొదలుపెట్టి ఉంటే, రంగు తేలికగా ఉన్నా ఆ రోజే డాక్టరుకు చెప్పండి.

ఒక హెచ్చరిక. ‘రక్తం పడితే నీళ్లు తాగు’ అన్న మాట మూత్రం వస్తున్నంతవరకే. గడ్డ అడ్డుపడి మూత్రం ఆగిపోయాక కూడా తాగుతూ పోతే మూత్రాశయం మరింత ఉబ్బి బాధ రెట్టింపవుతుంది. ఆగిపోయిందంటే గ్లాసు పక్కన పెట్టి బయలుదేరండి.

6. విరేచనం సాఫీగా ఉండాలి

దీన్ని తేలికగా తీసుకోకండి. ప్రోస్టేట్ మలాశయానికి ఆనుకునే ఉంటుంది. ముక్కితే ఆ ఒత్తిడంతా పుండు మీద పడి రక్తం మొదలవుతుంది. మొదటి రోజు నుంచే పీచు ఎక్కువగా ఉన్న కూరగాయలు, పండ్లు తినండి. ఇసబ్గోల్ గానీ, డాక్టరు రాసిన సిరప్ గానీ వాడండి. మలబద్ధకం వచ్చాక కాదు, రాకముందే. నొప్పి మాత్రల్లో కొన్ని మలాన్ని గట్టిపరుస్తాయి, అడిగి తెలుసుకోండి. రెండు రోజులు విరేచనం కాకపోతే ఫోను చేయండి. డాక్టరును అడగకుండా ఎనిమా చేయించుకోవద్దు, మలద్వారంలో పెట్టే మందులు వాడవద్దు.

7. మంట, తొందర, కారడం

వెళ్లాలనిపించిన వెంటనే వెళ్లకపోతే ఆగకపోవడం మొదటి వారాల్లో చాలామందికి ఉంటుంది. 6 నుంచి 12 వారాల్లో క్రమంగా తగ్గుతుంది. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, లేచి నిలబడినప్పుడు కారడం కొందరికి, ముఖ్యంగా హోలెప్ తర్వాత, కనిపిస్తుంది. ఇది కూడా ఎక్కువమందికి 3 నెలలలోపే సర్దుకుంటుంది. సిగ్గుపడి చెప్పకుండా దాచుకోవద్దు.

పైపు తీశాక, డాక్టరు సరే అన్నాక, కటి కండరాల వ్యాయామం మొదలుపెట్టండి. పైపు ఉండగా చేయకూడదు.

అపానవాయువు బయటకు రాకుండా ఆపుకుంటున్నట్టు మలద్వారం చుట్టూ ఉన్న కండరాలను లోపలికి, పైకి బిగించండి. 5 సెకన్లు బిగించి, 5 సెకన్లు పూర్తిగా వదలండి. ఇలా 10 సార్లు, రోజుకు మూడు పూటలు. కొన్ని వారాలకు 10 సెకన్ల వరకు పెంచండి. సరిగ్గా చేస్తున్నారో లేదో అద్దం ముందు చూసుకోవచ్చు: అంగం మొదలు కొంచెం లోపలికి వెళ్లి, వృషణాలు కొద్దిగా పైకి లేవాలి. పొట్ట, పిరుదులు, తొడలు బిగుస్తుంటే, ఊపిరి బిగబడుతుంటే తప్పుగా చేస్తున్నట్టే. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని వ్యాయామంగా చేయకండి. అది మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకుండా చేస్తుంది. లేచేముందు, దగ్గేముందు ఒకసారి బిగించడం అలవాటు చేసుకుంటే తేడా త్వరగా తెలుస్తుంది.

మంట తగ్గాక ఇంకో అలవాటు మార్చుకోవాలి. ‘ఎందుకైనా మంచిది’ అని అరగంటకోసారి వెళ్లేవారి మూత్రాశయం కొంచెం నిండగానే పిలవడం నేర్చుకుంటుంది. వెళ్లాలనిపించినప్పుడు 10, 15 నిమిషాలు ఆగి వెళ్లండి. కొన్ని రోజులకోసారి ఆ వ్యవధి పెంచండి. రోజులో రెండున్నర, మూడు గంటలకోసారి వెళ్లే స్థితికి రావడం లక్ష్యం. అయితే నొప్పి పుట్టేంతగా ఆపుకోకూడదు.

8. నడక, బరువులు, ప్రయాణం

నడక మొదటి రోజు నుంచే. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా అది కాపాడుతుంది. ఇంట్లో కొద్ది కొద్దిగా, రోజుకు నాలుగైదు సార్లు తిరగండి.

4 నుంచి 6 వారాలు 4, 5 కిలోల కన్నా ఎక్కువ బరువు ఎత్తవద్దు. మనవడిని ఎత్తుకోవడం, గ్యాస్ సిలిండరు జరపడం, నీళ్ల బకెట్టు మోయడం బరువులే. ఇంటివారు ఈ విషయంలో కొంచెం గట్టిగా ఉండాలి. కారు నడపడానికి సుమారు 2 వారాలు ఆగండి. నొప్పి లేకుండా ఒక్కసారిగా బ్రేకు తొక్కగలగాలి, మగత తెచ్చే మందులు వాడుతూ ఉండకూడదు. సైకిలు, మోటారు సైకిలు సీటు సరిగ్గా ప్రోస్టేట్ కింది భాగాన్నే నొక్కుతుంది, కుదుపులూ ఉంటాయి కాబట్టి 6 వారాల వరకు వద్దు. కూర్చుని చేసే ఉద్యోగానికి చాలామంది 2 వారాల తర్వాత వెళ్లగలుగుతారు. శారీరక శ్రమ ఉన్న పనికి 4 నుంచి 6 వారాలు కావాలి.

9. భార్యాభర్తల మధ్య

సాధారణంగా 4 వారాల తర్వాత కలవవచ్చు, అప్పటికి రక్తం ఆగి ఉండాలి. అంగస్తంభన ఎక్కువమందిలో ముందెలా ఉందో అలాగే ఉంటుంది. మారేది స్ఖలనం. టర్ప్ తర్వాత సగానికి పైగా పురుషుల్లో వీర్యం బయటకు రాకుండా మూత్రాశయంలోకి వెళ్లి, తర్వాత మూత్రంతో పోతుంది. అప్పుడు మూత్రం మబ్బుగా కనిపిస్తుంది. ఇది హాని చేయదు, కానీ చాలావరకు శాశ్వతం. దీన్ని గర్భనిరోధకంగా నమ్మకూడదు. పిల్లల కోసం ప్రయత్నించేవారు డాక్టరుతో విడిగా మాట్లాడాలి. ఈ మార్పు గురించి భార్యకు కూడా ముందే చెప్పండి.

పదే పదే జరిగే పొరపాట్లు

*మూత్ర పరీక్షలో ‘చీము కణాలు’ చూసి యాంటీబయాటిక్ మొదలుపెట్టడం.* పుండు మానేవరకు, అంటే కొన్ని వారాల పాటు, ఇన్ఫెక్షన్ లేకపోయినా మూత్రంలో తెల్లరక్తకణాలు కనిపిస్తాయి. జ్వరం, పెరుగుతున్న మంట, దుర్వాసన వంటివి ఉంటే కల్చర్ పరీక్ష (మూత్రంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసేది) చేయించి, దాన్నిబట్టి మందు వాడాలి. అలాగే, డాక్టరు రాసిన యాంటీబయాటిక్‌ను మధ్యలో ఆపవద్దు.

*జలుబు మాత్రలు.* ముక్కు దిబ్బడకు, తుమ్ములకు దుకాణంలో అడిగి తెచ్చుకునే మాత్రల్లో కొన్ని మూత్రం బిగబట్టేలా చేస్తాయి. ప్రోస్టేట్ ఆపరేషన్ అయిందని చెప్పి అడగండి.

*తోటి రోగితో పోల్చుకోవడం.* ఆయనకు గ్రంథి చిన్నది కావచ్చు, పద్ధతి వేరు కావచ్చు, షుగరు లేకపోవచ్చు. పోల్చవలసింది మీ పోయిన వారంతో.

10. బాగుపడుతున్నారో లేదో ఇలా సరిచూసుకోండి

2వ, 6వ, 12వ వారాల్లో మూడేసి రోజుల పాటు ఒక పట్టిక రాయండి: ఎన్ని గంటలకు వెళ్లారు, ఎంత వచ్చింది, ఏమైనా కారిందా, రాత్రి ఎన్నిసార్లు లేచారు. ఒక్కోసారి వచ్చే పరిమాణం పెరుగుతూ, సార్లు తగ్గుతూ ఉండాలి. ధార బలం అన్నిటికన్నా ముందు బాగుపడుతుంది, తొందర తర్వాత, రాత్రి లేవడం చివర. రాత్రి లేవడం పూర్తిగా పోకపోవచ్చు. వయసుతో కిడ్నీలు రాత్రి ఎక్కువ మూత్రం తయారుచేయడం, కాళ్ల వాపు, నిద్రలేమి వంటి కారణాలు ప్రోస్టేట్‌తో సంబంధం లేకుండానే ఉంటాయి.

ఆపరేషన్‌కు ముందు మీచేత 7 ప్రశ్నల పత్రం నింపించి ఉంటారు. దాన్నే ఐపీఎస్ఎస్ అంటారు. మొత్తం 35 మార్కులు. 0 నుంచి 7 వరకు స్వల్ప ఇబ్బంది, 8 నుంచి 19 మధ్యస్థం, 20 నుంచి 35 వరకు తీవ్రం. 6 వారాలకు, 3 నెలలకు మళ్లీ నింపి పాత మార్కుతో పోల్చండి.

డాక్టరు దగ్గర ధార వేగం పరీక్ష, మిగిలిపోయిన మూత్రం ఎంతో చూసే స్కాను చేస్తారు. ఆ రోజు మూత్రం బాగా వచ్చేలా, కానీ బిగబట్టి బాధపడకుండా వెళ్లండి. 150 మి.లీ. కన్నా తక్కువ వస్తే ఆ పరీక్ష ఫలితాన్ని నమ్మలేరు.

కండ పరీక్ష నివేదికను తప్పకుండా తీసుకుని డాక్టరుకు చూపించండి. తీసిన ముక్కల్లో అరుదుగా క్యాన్సర్ బయటపడుతుంది. ఆ కాగితం ఎవరూ చూడకుండా సొరుగులో ఉండిపోకూడదు.

వారాలో నెలలో గడిచాక, బాగా వచ్చిన ధార మళ్లీ సన్నబడితే, రెండుగా చీలితే, ముక్కవలసి వస్తే వయసు అనుకుని ఊరుకోకండి. మూత్రమార్గంలో గానీ, మూత్రాశయం మెడ దగ్గర గానీ మచ్చ కట్టి దారి ఇరుకై ఉండవచ్చు. త్వరగా చూపిస్తే చికిత్స సులువు. దీన్ని పట్టుకోవడానికి నెలకోసారి కొలకప్పులో పట్టి, ఎన్ని సెకన్లలో ఎంత వచ్చిందో రాసుకోండి. అంకెలు దిగజారుతుంటే డాక్టరుకు చూపించండి.

చివరగా, ఈ ఆపరేషన్‌లో గ్రంథి లోపలి భాగాన్నే తీస్తారు, బయటి పొర అలాగే ఉంటుంది. క్యాన్సర్ ఎక్కువగా మొదలయ్యేది ఆ బయటి పొరలోనే. కాబట్టి ప్రోస్టేట్ పరీక్షలు ఇక అక్కర్లేదనుకోవద్దు. పీఎస్‌ఏ (ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రొటీన్) ఎంత ఉందో చూసే రక్తపరీక్ష ఆపరేషన్ అయిన వెంటనే చేయిస్తే పుండు వల్ల ఎక్కువగా చూపిస్తుంది. 3 నెలల తర్వాత చేయించి, ఆ అంకెను డిశ్చార్జి కాగితం మీదే తేదీతో సహా రాసి ఉంచండి. ఇకముందు చేయించే ప్రతి పీఎస్‌ఏనూ దానితోనే పోల్చి చూస్తారు.